భండార్‌దరా చలిలో బాపుతో ఒక రాత్రి

కసారా ఘాట్ పేరు తెలియని తెలుగిల్లు భివండిలో ఉండదు. ఊరికి పోవాలంటే మన రైలు ఆ ఘాట్ ఎక్కాలి, ఊరి నుంచి వస్తే ఆ ఘాట్ దిగాలి. కానీ ఆ కొండలు ఎట్లుంటాయని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. దేవగిరి ఎక్స్‌ప్రెస్ పోయేటప్పుడు అక్కడ అర్ధరాత్రి అవుతుంది, వచ్చేటప్పుడు తెల్లవారుజాము. మనం సగం నిద్రలో ఉంటాం, లేదా జనరల్ డబ్బాలో నిలబడటానికి చోటు వెతుక్కుంటూ ఉంటాం. కిటికీలో చీకటి తప్ప ఏమీ కనబడదు.

మా బాపు 1974లో 17 ఏళ్ళ వయసులో కరీంనగర్ పక్క పల్లె నుంచి బయలుదేరాడు. నిజామాబాదులో మీటర్ గేజ్ రైలెక్కి, మన్మాడ్‌లో మారి, ఈ ఘాట్ దిగి కల్యాణ్‌లో కాలు పెట్టాడు. అప్పటి నుంచి ఎన్నిసార్లు ఊరికి పోయి వచ్చాడో లెక్కలేదు. ఆ కొండల్లో ఒక్కసారి కూడా దిగలేదు. మొన్న డిసెంబర్‌లో మొదటిసారి దిగాడు. ఆ రెండు రోజుల సంగతే ఇది.

మాది ఏడుగురు స్నేహితుల జీపు క్లబ్బు. పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. గ్యారేజీ నడిపే అన్న, సైజింగ్‌లో ఫిట్టర్‌గా ఉన్న మా బావ, టెంపో నడిపే ఇద్దరు, గోదాములో పనిచేసే ఇద్దరు, డయింగ్‌లో ఎలక్ట్రీషియన్‌నైన నేను. చిట్టీ కట్టినట్టు నెలనెలా తలా 300 వేసుకుంటాం. చలికాలంలో ఒకసారి, వానాకాలం ముందు ఒకసారి బయటికి పోతాం. బండ్లు మూడు. గ్యారేజీ అన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్న థార్, వారమంతా బీములు మోసే బొలెరో క్యాంపర్, మేం ముగ్గురం కలిసి తీసుకున్న పాత మహీంద్రా జీపు. మూడూ ఫోర్ వీల్ బండ్లే.

ఈసారి భండార్‌దరా అనుకున్నాం. మా పాప ఏడో తరగతి, తానూ వస్తానని మొండికేసింది. ఇంట్లో ఈ మాటలు నడుస్తుంటే గడప దగ్గర కూర్చున్న బాపు తలెత్తి, "యాడికి పోతున్నరు?" అన్నాడు. బాపుకు చెవులు సరిగా వినబడవు. దగ్గరికి పోయి గట్టిగా చెప్పాను: "ఇగత్‌పురి అవతలికి బాపూ, గా కొండలల్లకు."

"నేనొస్త."

అమ్మ ఒప్పుకోలేదు. "అరవై ఎనిమిదేండ్ల మనిషిని చలిల పండబెడ్తావురా?" అని నా మీద లేచింది. ఆమె మాట కాదనలేం. కానీ బాపు తనంతట తాను ఒక కోరిక చెప్పి చాలా నెలలైంది. ముప్పై ఏళ్ళకు పైగా జాబర్‌గా పనిచేసిన కార్ఖానాలో సాంచాలు పోయినేడు దీపావళి తర్వాత తూకానికి పోయాయి. ఇరవై నాలుగు సాంచాలను విప్పి, లారీలో ఇనుముగా ఎత్తారు. ఆ రోజు బాపు దగ్గరుండి బోల్టులు విప్పి ఇచ్చాడు. ఆ తర్వాత గడప దాటింది తక్కువ. అందుకే నేను అమ్మకు ఎదురు చెప్పాను. రెండు రగ్గులు, ఒక మంకీ టోపీ, ఉన్ని సాక్సులు పెట్టి చివరికి ఆమే సర్ది పంపింది.

శనివారం పన్నెండింటికి బయలుదేరాం. నాసిక్ హైవే మీద షహాపూర్, కసారా దాటి ఘాట్ ఎక్కాం. ఇగత్‌పురిలో చాయ్ తాగాం. బాపు గ్లాసు పట్టుకుని రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఈ ఘాట్‌లో రైలు దారి 1865లోనే తెరిచారు. ఎత్తు ఎంతంటే, 37 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. రైలుకు అది చాలా ఎక్కువ. అందుకే పైకి ఎక్కే బండికి కసారాలో వెనక నుంచి నెట్టే ఇంజన్లు తగిలిస్తారు. ఊరికి పోయేటప్పుడు రాత్రి ఒక కుదుపు వస్తుంది చూడండి, అదే ఇది. ఆ కుదుపుకు మేలుకొని "కసారా వచ్చింది" అనుకుని మళ్ళీ పడుకునేవాణ్ణని బాపు పాపకు చెప్పాడు.

ఘోటీలో కూరగాయలు, చికెన్ తీసుకుని కుడికి తిరిగాం. అక్కడి నుంచి రోడ్డు సన్నబడింది, కొండలు దగ్గరకొచ్చాయి. బారీ అనే ఊరి దగ్గర కల్సూబాయి శిఖరం కనబడింది. 1646 మీటర్లు. మహారాష్ట్రలో దీన్ని మించిన శిఖరం లేదు. భివండి నుంచి భండార్‌దరాకు మొత్తం 130 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో ఆగుతూ పోయాం కాబట్టి విల్సన్ డ్యామ్ చేరేసరికి నాలుగున్నర దాటింది. ప్రవర నదికి అడ్డంగా కట్టిన రాతి ఆనకట్ట ఇది. 1910లో పని మొదలుపెట్టి 1926లో పూర్తిచేశారు. అప్పటి బొంబాయి గవర్నర్ పేరు పెట్టారు. వెనక ఉన్న చెరువు పేరు ఆర్థర్ లేక్. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ళు, నీళ్ళ అంచున వరి కోసిన మడులు.

చెరువు చుట్టూ రోడ్డు ఉంది. రతన్‌వాడీ వైపు పోయే దారిలో ఒక మహాదేవ్ కోళీ రైతు తన మడిలో గుడారాలు వేసుకోనిస్తానని ముందే మాట ఇచ్చాడు. థార్, క్యాంపర్ ముందు పోయాయి. జీపు నడుపుతున్నది నేను. పొద్దు గుంకుతోంది. రోడ్డు వంక తిరిగి పోతోంది గానీ, ఎదురుగా ఒడ్డు మీదుగా పోతే రైతు మడి మూడు వందల మీటర్లు కూడా లేదు. నేల ఎండినట్టే ఉంది. జీపు దింపాను.

మా క్లబ్బులో ఒకే ఒక కట్టుబాటు ఉంది: దిగి నడిచి చూడకుండా బండి దింపొద్దు. ఆ కట్టుబాటు పెట్టిన రోజు అందరికంటే గట్టిగా తలూపింది నేనే.

నీళ్ళు దిగిపోయిన ఒడ్డు పైకి పెంకులా ఎండుతుంది, కింద బురద అట్లే ఉంటుంది. సగం దూరం పోయాక పెంకు విరిగి వెనక కుడి చక్రం దిగబడింది. పాప, బాపు బండిలోనే ఉన్నారు. నాకు కంగారు పుట్టింది. దిగి ముందు చక్రం హబ్ తిప్పాను, ఫోర్ వీల్ లివర్ వేశాను, యాక్సిలరేటర్ తొక్కాను. చక్రం గిర్రున తిరిగి బురద చిమ్మింది, బండి ఇంకా కిందికి పోయింది. మళ్ళీ తొక్కాను. ఇరుసు నేలకు ఆనింది.

మనవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందరూ దిగబడ్డ చక్రం చుట్టూ నిలబడి తలా ఒకటి చెప్పసాగారు. ఇంజను రొద, అరుపులు. బాపు మెల్లగా దిగాడు. ఆ గుంపులోకి రాలేదు. బండి చుట్టూ ఒకసారి నడిచి, ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చక్రం మీద అరచెయ్యి పెట్టి నన్ను చూసి, "మల్లొకసారి తొక్కు" అని సైగ చేశాడు. తొక్కాను. లేచి, "గిది ఆడుతలేదు" అన్నాడు.

గ్యారేజీ అన్న వంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. పాత జీపుల్లో ముందు చక్రాలు రెండింటికీ హబ్‌లు ఉంటాయి. ఫోర్ వీల్ వేసే ముందు కిందికి దిగి రెండు హబ్‌లూ చేత్తో తిప్పి లాక్ చేయాలి. నేను కుడివైపుది తిప్పాను, ఎడమవైపుది మరిచిపోయాను. ఒక్కటి మరిస్తే ఒక్క చక్రమే పోతుంది కదా అనుకోవద్దు. ఇంజను బలం ఎటు అడ్డు తక్కువగా ఉంటే అటే పోతుంది. లాక్ కాని వైపు ఇరుసు లోపల ఊరికే తిరుగుతుంటే, లాక్ అయిన చక్రానికి కూడా బలం అందదు. ఒక్క హబ్‌తో ముందు చక్రాలు రెండూ పోయినట్టే. పేరుకు ఫోర్ వీల్, నడిచేది వెనకవి, అందులోనూ బురదలో ఉన్న ఒక్క చక్రం.

హబ్ లాక్ చేశాం. పారతో చక్రాల ముందు మట్టి తీసి, రాళ్ళు, గోనె సంచులు వేశాం. టైర్లలో గాలి 18 పౌండ్లకు దించాం. గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని నేలను ఎక్కువ పట్టుకుంటుంది. గట్టి నేల మీద థార్‌ను నిలబెట్టి పట్టీ కట్టాం. ఈసారి అన్న స్టీరింగ్ పట్టి, లో గేరులో, యాక్సిలరేటర్ సరిగా తొక్కకుండానే కదిపాడు. జీపు నత్తలా పైకి వచ్చింది.

నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇదే వానలు పడే రోజైతే, పాపనూ బాపునూ పెట్టుకుని నేను చేసిన పని ఏమయ్యేదో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"కాకా, నీకెట్ల తెలిసింది?" అని మా బావ బాపు చెవి దగ్గర అడిగాడు.

బాపు చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు: "సాంచాల చప్పుడు చేసేదాన్ని అందరు చూస్తరు. చప్పుడు చేయనిదాన్ని జాబర్ చూడాలె. నాకెట్లాగు వినబడదాయె."

ఆ రాత్రి రైతు ఇంటి నుంచి బియ్యప్పిండి భాకరీలు, పిఠ్లా వచ్చాయి. మేం చికెన్, అన్నం వండాం. ఆ రైతు మాతో కూర్చుని తిన్నాడు. వరి ఒక్క పంటేనట. కోత అయ్యాక తన తమ్ముళ్ళు కూలికి ఘోటీకి, నాసిక్‌కు పోతారని చెప్పాడు. చెరువు నీళ్ళు ఇంటి ముందే ఉన్నా, కాలువలు పారేది కింద ఉన్న చెరకు పొలాలకు. బాపుకు పాప చెవిలో ఒక్కొక్క మాట చెబుతుంటే, "మన లెక్కనే" అన్నాడు.

తొమ్మిదింటికి చలి దిగింది. గుడారం బట్ట మంచుకు తడిసింది. బాపు కోసం బొగ్గుల కుంపటి గుడారంలో పెడదామని ఒకతను లేచాడు. గ్యారేజీ అన్న చెయ్యి పట్టి ఆపాడు. మూసిన గుడారంలో బొగ్గు రాజేస్తే విషవాయువు పుడుతుంది, వాసన రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇది చదివే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి, చాళిలో తలుపులు మూసుకుని పడుకునే గదికి కూడా ఇదే వర్తిస్తుంది. మేం వేడినీళ్ళు సీసాల్లో పోసి గుడ్డ చుట్టి బాపు కాళ్ళ దగ్గర పెట్టాం.

మంట ఆరుతుంటే అందరం మాటలు ఆపి కూర్చున్నాం. "అబ్బ, ఎంత నిశ్శబ్దం!" అన్నాడు ఎవరో. నిజమే. భివండిలో పుట్టిన మాకు సాంచా చప్పుడు లేని రాత్రి తెలియదు. పాప ఆ మాట తాత చెవిలో చెప్పింది. బాపు నవ్వి, "మీకు బిడ్డా. నాకు చెవుల సాంచా నడుస్తనే ఉంటది" అన్నాడు.

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకు ఆ సంగతి తెలియదు. వినబడదనే తెలుసు. లోపల రాత్రింబగళ్ళు మోగుతూ ఉంటుందని ఎప్పుడూ అడగలేదు. చప్పుడు వల్ల వచ్చే చెవుడు చట్టంలో వృత్తిజబ్బుల జాబితాలోనే ఉంది. మన ఖాతాల్లో పనిచేసినవాళ్ళకు ఆ కాగితం దాకా పోయే దారి మాత్రం కష్టం. కనీసం ఇప్పుడు సాంచాల మీద ఉన్న పిల్లలు చెవులకు అడ్డు పెట్టుకోండి. ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి.

బాపు ఆకాశం చూపించి పాపకు పిల్లలకోడి ఏదో, గొల్లకావడి ఏదో చెప్పాడు. ఊర్లో మంచె మీద పడుకుని చూసిన చుక్కలవి. భివండిలో దీపాలకు కనబడవు. పాప ఊరుకుంటుందా? తనకు తెలిసింది తానూ చెప్పాలి. పుల్ల తీసుకుని, దీపం వెలుగులో మట్టిలో గీత గీసింది.

"తాతా, ఇదీ ప్రవర. ఈ రతన్‌గడ్ కొండల్లో పుడుతుంది. ఇట్ల పోయి నేవాసా దగ్గర గోదావరిలో కలుస్తుంది. తర్వాత జాయక్‌వాడీ డ్యామ్, తర్వాత నాందేడ్." అక్కడ పుల్ల ఆగింది. మరాఠీ బడిలో మహారాష్ట్ర పటం అక్కడితో అయిపోతుంది.

బాపు కాసేపు ఆ గీతనే చూశాడు. "గోదారి ల?" అని మళ్ళీ అడిగాడు. పాప అవునని తలూపింది. బాపు పుల్ల తీసుకుని, నాందేడ్ కాడ నుంచి గీతను పొడిగించాడు. "కందకుర్తి. బాసర. పోచంపాడు." అక్కడ ఒక చుక్క పెట్టి, దాని నుంచి పక్కకు ఇంకో గీత లాగాడు. "కాకతీయ కాలువ." ఆ గీత చివర వేలితో గుచ్చి, "మన ఊరు" అన్నాడు.

పాప పటం ఎక్కడ ఆగిందో, బాపు పటం అక్కడ మొదలైంది. నేను ఈ రెండింటి మధ్య ఇన్నేళ్ళు తిరిగాను గానీ, వాటిని కలిపి చూడలేదు. ఈ చెరువు నీళ్ళు ఎన్ని ఆనకట్టలు, ఎన్ని చెరకు తోటలు దాటాలో, చివరికి మన కాలువకు ఎన్ని చుక్కలు చేరతాయో ఎవరు చెప్పగలరు? కానీ దారైతే ఉంది.

"నీళ్ళు అటు పోతున్నయి. మేం ఇటొచ్చినం" అన్నాడు బాపు. అంతే. రగ్గు కప్పుకుని పడుకున్నాడు.

తెల్లారి చెరువు మీద పొగమంచు ఇంత మందాన ఉంది. రతన్‌వాడీలో అమృతేశ్వర్ గుడికి పోయాం. హేమాడ్‌పంతీ పద్ధతిలో నల్లరాతితో కట్టిన పాత శివాలయం, గోడల నిండా చెక్కడాలు. బయట ఒక పుష్కరిణి. అక్కడి నుంచి ఘాట్‌ఘర్ పోయాం. అక్కడ కొండ ఒక్కసారిగా తెగిపోతుంది, కింద వందల మీటర్ల లోతున కొంకణ్ పరుచుకుని కనబడుతుంది.

ఘాట్‌ఘర్‌లో 250 మెగావాట్ల కరెంటు ప్రాజెక్టు ఉంది. పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం. కరెంటు ఎక్కువ కావలసిన వేళ పై నీళ్ళు కిందికి వదిలి కరెంటు తీస్తారు. వాడకం తగ్గిన వేళ అవే నీళ్ళను పంపులతో మళ్ళీ పైకి ఎక్కిస్తారు. మా బావ వివరించి చెబితే బాపు, "అంటే నాడె లెక్క. అటుకొట్టు, ఇటుకొట్టు" అన్నాడు. ఇంత సులువుగా నాకు ఎవరూ చెప్పలేదు.

అంచు దగ్గర కట్టిన కంచె పట్టుకుని నిలబడ్డాం. ఈ కొండకు తూర్పున పడిన వాన ప్రవరలోకి, గోదావరిలోకి, బంగాళాఖాతానికి పోతుంది. పడమట పడిన వాన కొంకణ్‌లోకి దిగి అరేబియా సముద్రంలో కలుస్తుంది. బాపు వెనక్కి తిరిగి చెరువు వైపు చూశాడు. మళ్ళీ కిందికి చూసి, "భివండి ఏదిక్కు?" అని అడిగాడు. చూపించాను. పగటి పొగలో ఏమీ కనబడలేదు. అయినా చాలాసేపు అటే చూశాడు.

పోవాలనుకునే వాళ్ళకు నాలుగు మాటలు. ఫోర్ వీల్ బండి లేకపోయినా భండార్‌దరా చూడవచ్చు, తారు రోడ్డు ఉంది. రైలుకు పోతే ఇగత్‌పురిలో దిగండి. డిసెంబర్, జనవరి నెలల్లో రాత్రి చలి మన భివండి చలి కాదు, ముసలివాళ్ళకు, పిల్లలకు రెండింతలు బట్టలు పెట్టండి. ఆ ప్రాంతం చాలావరకు కల్సూబాయి-హరిశ్చంద్రగడ్ అభయారణ్యంలోది. ఎక్కడపడితే అక్కడ మంట వేయొద్దు, ఊరివాళ్ళను అడిగి వాళ్ళు చూపిన చోటే ఉండండి. భోజనం ఊర్లోనే చెప్పండి, ఆ డబ్బు వాళ్ళకు అవసరం. చెత్త సంచిలో వేసి వెనక్కి తెచ్చుకోండి. నీళ్ళ అంచుకు బండి దింపొద్దు. ఇది ఎవరో చెప్పగా విన్నమాట కాదు.

ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. బాపు అమ్మకు చెరువు గురించి గానీ, గుడి గురించి గానీ చెప్పలేదు. హబ్ గురించి చెప్పాడు, రెండుసార్లు. మూడో రోజు నన్ను పిలిచి, "సంక్రాంతికి ఊరికి పోదాం. పగటి బండికి టికెట్ తియ్యి" అన్నాడు.

చూశాను. పొద్దున పోయే తపోవన్ ఎక్స్‌ప్రెస్ పగటిపూటే ఘాట్ ఎక్కుతుంది, కానీ నాందేడ్ దాకానే. అక్కడ దిగి నిజామాబాదుకు వేరే బండి పట్టాలి. "మధ్యల మారాలె బాపూ, నీకు కష్టమైతది" అన్నాను.

"మారుదాం తియ్యి. అప్పుడు మన్మాడ్‌ల మారలేదా?" అన్నాడు.

కిటికీ పక్క సీటు బాపుకు. దాని ఎదుటి కిటికీ పాపకు.